షుగర్ వంశంలో ఉంది సరే, ఇంట్లో ఎవరున్నారు?

మా ఇంట్లో షుగర్ మాట వస్తే చాలు, ఎవరో ఒకరు తాతను తలుచుకుంటారు. తాతకుండె, నాయనకొచ్చె, రేపు మనకూ వస్తుంది, దాంట్లో మనం చేసేదేముంది అంటారు. అక్కడితో మాట ఆగిపోతుంది. కాఫీలో చక్కెర మామూలుగానే పడుతుంది.

ఈమధ్య మా మేనత్తకు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 8.1 వచ్చింది. తిరుపతిలోనే ఒక క్లినిక్కుకు నేను తీసుకుపోయాను. "మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందామ్మా?" అన్నాడు డాక్టరు. "మా నాయనకుండె సార్, మా అన్నకూ ఉండాది" అనింది అత్త. ఆయన కాగితం మీద టిక్కు పెట్టి, మాత్రలు రాసి, మూడు నెలలకు మళ్ళీ రమ్మన్నాడు. బయట బెంచీలన్నీ నిండి, జనం గోడలకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ఆయన అంతకంటే ఏం మాట్లాడగలడు?

కానీ అత్త షుగర్ చాలా ఏళ్ళు బార్డర్లోనే ఉండేది. ఎప్పుడు చూపించుకున్నా 6కు కాస్త అటూ ఇటూ. మామ పోయి ఏడాదిన్నర కాకముందే 8 దాటింది. పెద్దోడు బెంగళూరులో, చిన్నోడు డల్లాస్‌లో. బైరాగిపట్టెడలోని పాత ఇంట్లో ఇప్పుడు ఆమె ఒక్కతే. తాత ఇచ్చిన జీన్లు ఆమె పుట్టినప్పటి నుంచీ ఒంట్లోనే ఉన్నాయి, ఈ ఏడాదిన్నరలో కొత్తగా వచ్చి చేరలేదు. ఆమెకే ఎందుకు వచ్చిందో వంశం కొంత చెప్తుంది. ఇప్పుడే ఎందుకు ముదిరిందో చెప్పదు.

వయసు మీద పడింది కదా అనొచ్చు, పడింది. ఒక్క మనిషి కథతో ఏదీ రుజువు కాదు కూడా. అయినా అప్పటి నుంచి దొరికింది చదువుతూ వస్తే నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. 'మీ వంశంలో ఎవరికి షుగర్ ఉంది' అని అడిగినంత శ్రద్ధగా 'మీ ఇంట్లో ఎవరున్నారు' అని కూడా అడగాలి. వంశంలో షుగర్ ఉన్నవాళ్ళనయితే తప్పకుండా అడగాలి. (నేను చెప్పేది పెద్దవాళ్ళకొచ్చే టైప్ 2 గురించి. పిల్లలకొచ్చే టైప్ 1 దారి వేరు.)

తాత వాటా ఎంత?

చెన్నైలో డాక్టర్ వి. మోహన్ బృందం 2005లో 'ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోర్' అని ఒకటి తయారు చేసింది. రక్తం తియ్యకుండా నాలుగు విషయాలకు నూటికి మార్కులు వేస్తారు. వయసు 50 దాటితే 30. నడుం చుట్టుకొలత బాగా ఎక్కువుంటే 20. ఒళ్ళు కదలని బతుకయితే 30. అమ్మానాన్నల్లో ఒకరికి షుగర్ ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20. మొత్తం 60, ఆపైన వస్తే రిస్కు ఎక్కువున్నట్టు.

అత్తకు వేసి చూశాను. తాత తెచ్చిపెట్టింది 10. మామ ఉన్నన్నాళ్ళూ సాయంత్రం ఇద్దరూ గోవిందరాజస్వామి గుడి దాకా నడిచి, ధ్వజస్తంభం దగ్గర దండం పెట్టుకుని, దోవలో కూరగాయలు బేరం చేసి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాళ్ళు. ఆ నడక మామతోనే పోయింది. ఒళ్ళు కదలని వరసలో ఆమెకిప్పుడు 30. ఈ స్కోరు కట్టింది తమకు షుగర్ ఉందని తెలియని మనుషుల్ని పట్టుకోవడానికి, ఏ కారణానికి ఎంత వాటా అని పంచడానికి కాదు. ఆ మాట ఒప్పుకుంటూనే చెప్తున్నాను, 'అంతా మా నాయన నుంచే' అనేవాళ్ళు ఒకసారి ఈ మార్కులు వేసుకుని చూడాలి.

జీన్లను తేలిగ్గా తీసెయ్యమని కాదు. 2006లో ఐస్‌లాండ్ పరిశోధకులు బయటపెట్టిన టీసీఎఫ్7ఎల్2 అనే జీన్‌లో ఒక రకం మార్పు ఒక కాపీ ఉన్నా రిస్కు దాదాపు 40 శాతం పెరుగుతుంది. అలాంటి చిన్నా పెద్దా మార్పులు వందల్లో ఉన్నాయి. ఒకే రూపు కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికీ రావడం చాలా ఎక్కువ. ఇవన్నీ గట్టి సంగతులే.

కానీ పీమా తెగ వాళ్ళ కథ చదివితే తాత మీద కోపం తగ్గుతుంది. అమెరికాలో ఆరిజోనాలో ఒక పాయ, మెక్సికో కొండల్లో ఒక పాయ, జీన్లలో దగ్గరి చుట్టాలు. 2006లో వచ్చిన అధ్యయనంలో ఆరిజోనా వైపు పెద్దవాళ్ళలో 38 శాతానికి షుగర్ ఉంటే, మెక్సికో వైపు 6.9 శాతానికే ఉంది. రక్తం ఒకటే, పొలం పనీ తిండీ వేరు.

మనం వంశం అని పిలిచే దాంట్లో జీన్లు కానివి ఎన్ని కలిసి ఉంటాయో కూడా చూడాలి. పూణేలో డాక్టర్ యాజ్ఞిక్ ఏళ్ళ తరబడి చూపించింది ఇదే. మన పిల్లలు పుట్టుకతోనే బరువు తక్కువ, ఆ తక్కువ బరువులోనే కొవ్వు పాలు ఎక్కువ. తల్లి కడుపుతో ఉన్నప్పుడు తిన్నదీ తిననిదీ బిడ్డ ఒంట్లో మిగులుతుంది. ఆ తర్వాత అదే వంటిల్లు, పండక్కి అవే ఓళిగలు, భోజనమయ్యాక అదే కునుకు. తాత నుంచి మా నాయనకు జీన్లతో పాటు ఇవన్నీ వచ్చాయి. టిక్కు మాత్రం ఒక్కటే పడుతుంది.

ఒంటరిగా ఉండడం, ఒంటరిగా అనిపించడం

నార్వేలో హంట్ అని ఒక పెద్ద అధ్యయనం ఉంది. 1995-97 మధ్య వాళ్ళు జనాన్ని ఒక చిన్న ప్రశ్న అడిగారు: గడిచిన రెండు వారాల్లో మీకు ఒంటరిగా అనిపించిందా? లేదు అనే దగ్గర్నుంచి చాలా ఎక్కువ అనే దాకా నాలుగు జవాబులు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2017-19లో, వాళ్ళలో ఎవరికి షుగర్ వచ్చిందో చూశారు. 24,024 మందిలో 1,179 మందికి వచ్చింది. 'చాలా ఎక్కువ' అన్నవాళ్ళకు రిస్కు 'లేదు' అన్నవాళ్ళకంటే దాదాపు రెండింతలు. ఈ పేపర్ 2022లో డయాబెటాలజియా పత్రికలో వచ్చింది.

అదే పత్రికలో 2020లో ఇంగ్లండ్ లెక్క వచ్చింది. 50 దాటిన 4,112 మందిని పన్నెండేళ్ళ దాకా గమనించారు, 264 మందికి షుగర్ వచ్చింది. ఒంటరితనం ఎక్కువున్న కొద్దీ రిస్కు పెరిగింది. విచిత్రమేమిటంటే, ఒక్కరే ఒక ఇంట్లో ఉండడానికి ఆ లెక్కలో సంబంధం కనిపించలేదు. ఒక్కరున్నా నలుగురున్నా, లోపల ఎలా ఉందన్నదే తేలింది.

ఇక్కడితో ఆపితే కథ అందంగా ఉండేది. కానీ నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్ అధ్యయనం 2017లో వేరేగా చెప్పింది. వాళ్ళు అడిగింది మనసు సంగతి కాదు. మీకెంతమంది మనుషులున్నారు, ఎంత దూరంలో ఉన్నారు, ఎన్నాళ్ళకోసారి కలుస్తారు అని అడిగారు. తెలిసిన మనుషులు తక్కువున్నవాళ్ళలో షుగర్ ఎక్కువుంది. ఒంటరిగా కాపురముండే మగవాళ్ళలో అది ఉండే అవకాశం 94 శాతం ఎక్కువ, ఆడవాళ్ళలో ఆ తేడా కనిపించలేదు. మరి ఒకరు మనసంటే ఒకరు ఇల్లంటున్నారు, ఎవరిని నమ్మాలి?

నాకైతే ఇద్దరూ నిజమే చెప్తున్నారనిపిస్తుంది. మా వీధిలో రిటైరైన మాస్టారొకాయన ఉన్నాడు. భార్య పోయి చాలా కాలమైంది, ఒక్కడే ఉంటాడు. తెల్లారితే ప్రకాశం పార్కు, నెలకోసారి అలిపిరి మెట్లెక్కి కొండకు పోతాడు, టీ అంగడి దగ్గర ఆయనకు తెలియని మనిషి ఉండడు. లెక్కల్లో ఒంటరి, బతుకులో కాదు. ఇంకో ఇంట్లో అత్తా మామా మొగుడూ పిల్లలూ అందరూ ఉన్న కోడలు, రోజంతా ఎవరూ నీకెట్లుంది అని అడగని మనిషి, నార్వేవాళ్ళు అడిగితే ఏం చెప్పేదో ఊహించుకోవచ్చు. కొలిచే గొట్టం మారితే దొరికే మనుషులు మారతారు. మా అత్త రెండు గొట్టాల్లోనూ దొరుకుతుంది.

ఒంట్లో ఏం జరుగుతుందన్నది కొంత తెలిసిందే. నా అనేవాళ్ళు లేరన్న టెన్షన్ లోపల నిలిచిపోతే కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్ అనే హార్మోను ఎక్కువగా వస్తుంది. అది కాలేయం చేత గ్లూకోజును రక్తంలోకి వదిలిస్తుంది, ఇన్సులిన్ మాట కండరాలు వినకుండా చేస్తుంది, నడుం దగ్గర కొవ్వు చేరుస్తుంది. నిద్ర చెడితే ఇదంతా ఇంకా ముదురుతుంది.

మిగతాది వంటింట్లో జరుగుతుంది. అత్త ఇంట్లో ఇదివరకు రాత్రి సంగటే. ఎసట్లో రాగిపిండి వేసి తెడ్డుతో గెలికి, ముద్దలు కట్టి, ఊరిబిండితోనో ఆకుకూర పప్పుతోనో తినేవాళ్ళు. సంగటి ఇద్దరు ముగ్గురికి చేసే వంట. ఒక్క ముద్ద కోసం ఎసరు పెట్టి, చేతులు నొప్పి పుట్టేలా ఎవరు గెలుకుతారు? "ఒక్కదానికి ఏం చేసుకునేది అబ్బోడా, పొద్దున్నే ఇంత అన్నం వండుకుంటే రాత్రికీ అదే" అంటుంది. అన్నం, మజ్జిగ, ఊరగాయ. లేదంటే టీ, నాలుగు రస్కులు. రాగి మహా మందని నేనట్లేదు, దాంతోనూ షుగర్ పెరుగుతుంది. ఆమె పళ్ళెంలోంచి సంగటితో పాటు పప్పూ ఆకుకూరా కూడా పోయాయి, నేను చెప్పేది అది.

రెండూ ఒకే మనిషిలో ఉంటే

జీన్లూ ఒంటరితనమూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయా అన్నది పరిశోధకులకు పెద్ద ప్రశ్న. అంటే, వంశంలో షుగర్ ఉన్నవాణ్ణి ఒంటరితనం మామూలు మనిషికంటే ఎక్కువ రెట్లు దెబ్బ కొడుతుందా, లేక అందరికీ అదే రెట్లా? 'అలాంటి పరస్పర ప్రభావం కనిపించలేదు' అని ఒక వాక్యం కనిపిస్తే, సరే రెండింటికీ సంబంధం లేదు, జీన్ల దారి జీన్లది అనుకుని పేజీ తిప్పేస్తాం. నాకు పేచీ అక్కడే.

లెక్క కోసం అనుకుందాం. వంశంలో షుగర్ లేని వంద మందిలో 10 మందికి వస్తుంది, ఉన్న వంద మందిలో 30 మందికి వస్తుంది. ఒంటరితనం ఇద్దరికీ ఒకే రకంగా, ఒకటిన్నర రెట్లు పెంచుతుంది. మొదటి గుంపులో 10 కాస్తా 15 అవుతుంది, రెండో గుంపులో 30 కాస్తా 45. ఎగదోయడం ఏమీ లేదు, రెట్టు ఒకటే. కానీ అక్కడ అదనంగా రోగమొచ్చింది 5 మందికి, ఇక్కడ 15 మందికి. ఇవి నేను వేసుకున్న అంకెలు, ఏ సర్వేవీ కావు. అసలు అంకెలు ఏవైనా ఈ తీరు మారదు. రెట్టు సమానంగా ఉన్నప్పుడు, మొదలే ఎక్కువున్న చోట నష్టం ఎక్కువ.

కాబట్టి 'మా వంశంలో ఉంది' అన్న మాట దేన్నీ ముగించకూడదు. ఆ మాట విన్న డాక్టరయినా కొడుకయినా తర్వాతి ప్రశ్న అడగాలి, ఎందుకంటే ఈ మనిషి దగ్గర మిగతావన్నీ ఎక్కువ ఖరీదు. మనమేమో ఆ మాటతో చేతులు దులుపుకుంటాం. దాంట్లో ఒక సుఖం కూడా ఉంది, నేను కాదనను. 'నువ్వే తిని తెచ్చుకున్నావు' అనే నిందకంటే 'మీ నాయన నుంచి వచ్చింది' అనేది మెత్తని మాట. అత్తకు ఆ సుఖం అక్కర్లేదని నేనెలా అంటాను?

తిరుపతిలో మనుషులకు కరువా?

కొండకు రోజూ 60, 70 వేల మంది వస్తుంటారు. బస్టాండు నుంచి అలిపిరి దాకా ఏ రోడ్డులో చూసినా జనమే. అత్త ఇంటి పక్క సందులోనే లాడ్జి ఒకటి వచ్చింది, అర్ధరాత్రి కూడా గుండ్లు కొట్టించుకున్నవాళ్ళు సంచులు పట్టుకుని పోతూ ఉంటారు. ఇంత జనంలో ఒక మనిషి పేరు పెట్టి పిలవడానికి ఎవరూ లేకుండా ఉండొచ్చని ఈ ఊరు చూస్తే తెలుస్తుంది. పాత ఇళ్ళు పడగొట్టి లాడ్జీలు కట్టినప్పుడల్లా అరుగు మీద కూర్చునే ముసలమ్మలు ఇద్దరు తగ్గుతారు, వాళ్ళ చోట రోజుకో కొత్త మొహం వస్తుంది.

ఆడవాళ్ళకు దీని మీద ఇంకోటుంది. మామ ఉన్నప్పుడు శ్రావణమాసంలో అత్తకు పేరంటాలకు తీరికుండేది కాదు. శనగలు మూటలు మూటలు ఇంటికొచ్చేవి. మామ పోయాక ఎవరూ పిలవరు. పిలవకపోవడం తప్పని కూడా ఎవరూ అనుకోరు, అదొక మర్యాదలాగా సాగిపోతుంది. పెళ్ళిళ్ళకు పోయినా వెనక వరసలో కూర్చుని, బొట్టు పెట్టే పళ్ళెం తన దాకా రాకముందే లేచి లోపలికి పోతుంది. పిల్లలు విదేశాలకు పోబట్టే ఇట్లా అయిందని ఊరంతా అంటుంది. సగం నిజం. మిగతా సగం వీధి చేసింది, విదేశాలకు పోని మనుషులు చేసింది.

ఎదురు వాదనలు

మా చిన్నబావ, అంటే డల్లాస్ బావ, డేటా మనిషి. ఇవన్నీ ఫోన్‌లో చెప్తే, "ఇదంతా పరిశీలనే కదా, ఏది ముందో ఏది వెనకో నీకెట్ల తెలుసు?" అన్నాడు. మంచి ప్రశ్న. షుగరే మనిషిని ఒంటరి చెయ్యొచ్చు. రాత్రికి నాలుగుసార్లు లేచేవాళ్ళు చుట్టాలింట్లో పడుకోవడానికి ఇష్టపడరు. అరికాళ్ళు మంటలెత్తేవాళ్ళు నడకకు రారు. విందుకు పోతే 'ఒక్క లడ్డుకు ఏం కాదులే' అని బలవంతపెట్టేవాళ్ళకు భయపడి పోవడమే మానేస్తారు. ఇంగ్లండ్, నార్వే అధ్యయనాలు మొదట షుగర్ లేనివాళ్ళనే తీసుకున్నాయి కాబట్టి ఈ అనుమానం కొంత తీరుతుంది. మాస్ట్రిక్ట్‌ది ఒకే సమయంలో తీసిన లెక్క, అక్కడ తీరదు.

ఇంకో చిక్కు, ఒంటరితనంలోనూ జీన్ల పాలు ఉంది. బ్రిటన్ జనం ఆరోగ్య వివరాలూ జీన్లూ దాచిపెట్టే యూకే బయోబ్యాంకులో నాలుగున్నర లక్షల మంది మీద చేసి 2018లో ప్రచురించిన పనిలో ఒంటరితనంతో ముడిపడిన చోట్లు 15 దాకా జీనోములో, అంటే మనిషి మొత్తం జీన్ల పటంలో, దొరికాయి. ఒక్కోదాని బలం చాలా చిన్నది. బరువు పెరగడం ఒంటరితనానికి దారి తీయొచ్చనే సూచన కూడా అందులో ఉంది. అంటే తాత మా అత్తకు షుగర్‌తో పాటు నలుగురిలో కలవలేని గుణం కూడా కాస్త ఇచ్చి ఉండొచ్చు. బావకు ఈ మాట బాగా నచ్చింది. నాకు నచ్చనిదేమీ లేదు. ఇక్కడి నుంచి తాతదీ, ఇక్కడి నుంచి ఒంటరి ఇంటిదీ అని గీత గీసే పని ఇంకా కష్టమయింది, అంతే.

సరే, మనుషుల్ని కలిపితే షుగర్ తగ్గుతుందా? ఇక్కడ నాకో అనుమానం చాలా రోజులుగా ఉంది. అమెరికాలో 2002లో వచ్చిన డయాబెటిస్ నివారణ ట్రయల్‌లో తిండీ వ్యాయామం మార్చుకున్న గుంపులో షుగర్ రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్న గుంపులో 31 శాతం. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 2006లో చూపించిన లెక్కలో ఆ తగ్గుదలలు 28.5, 26.4 శాతం. వీటిని మనం 'నడక గెలిచింది' అని చదువుతాం. కానీ అమెరికా ట్రయల్‌లో ఆ గుంపులో ప్రతి మనిషికీ ఒక కోచ్ ఉన్నాడు, మొదటి 24 వారాల్లో 16 సార్లు ఎదురుగా కూర్చుని మాట్లాడాడు. చెన్నైలో కూడా మనుషులకు ఫోన్లు చేస్తూ, పిలిపించి మాట్లాడుతూ వచ్చారు. ఈ వారం ఏం తిన్నావు, ఎందుకు నడవలేదు అని పేరు పెట్టి అడిగే మనిషి ఆ మందులో ఒక భాగం. ఆ మనిషిని తీసేసి, 'రోజుకు 30 నిమిషాలు నడవండి' అని చీటీ మీద రాసిస్తే అదే ఫలితం వస్తుందా? మన క్లినిక్కుల్లో ఇచ్చేది ఆ చీటీయే.

ఉమ్మడి కుటుంబాలు మళ్ళీ రావాలి అనేవాళ్ళతో మాత్రం నాకు పని లేదు. మా తాత ముప్పైమంది ఉన్న ఇంట్లోనే షుగర్‌తో కాలు పోగొట్టుకున్నాడు. ఆ ముప్పైమందికీ వండిన మా అవ్వకు ఏముండేదో ఎవరూ టెస్టు చేయించలేదు.

ఏమని అడగాలి

నార్వేవాళ్ళ ప్రశ్నను నేను అత్త మీద ప్రయోగించాను. "ఒంటరిగా అనిపిస్తా ఉందా అత్తా?" అంటే, "నాకేంరా ఒంటరి, టీవీ ఉండాది, దేవుడుండాడు, పిల్లోళ్ళు దినమూ ఫోన్ చేస్తారు" అనింది. జవాబు విని నార్వే కాగితంలో 'లేదు' అని రాసుకోవాలి. కానీ ఇక్కడ ఒక తల్లి నాకు ఒంటరిగా ఉంది అనడమంటే కొడుకుల మీద ఫిర్యాదు చేయడమే. ఆమె చచ్చినా అనదు. పెద్దోడు బెంగళూరుకు రమ్మంటే, "వాళ్ళు ఆఫీసుకు పోతే ఆ పన్నెండో అంతస్తులో నాకెవరుండారు" అనింది, ఆ జవాబులోనే అసలు సంగతంతా ఉంది. అడిగిన ప్రశ్న వేరు కాబట్టి బయటికొచ్చింది.

అందుకని మన దగ్గర ఈ ప్రశ్న పక్క నుంచి అడగాలనిపిస్తుంది. నిన్న రాత్రి ఎవరితో కూర్చుని తిన్నారు? ఈ వారంలో ఎన్నిసార్లు గడప దాటారు, ఎవరింటికి పోయారు? మాత్ర మర్చిపోతే గుర్తు చేసేదెవరు? ఫ్యామిలీ హిస్టరీ టిక్కు కిందే ఈ మూడూ అచ్చు వేయించుకుంటే డాక్టరుకు అదనంగా ఒక నిమిషం పడుతుంది. అత్తను నేను ఇవే అడిగితే మొదటిదానికి "ఎవరితో అంటే... నేనే" అనింది, రెండోదానికి పాలకోసం అంగడి దాకా పోవడం లెక్కలోకొస్తుందా అని ఎదురడిగింది, మూడోదానికి లేచి పోయి మాత్రల డబ్బా తెచ్చి చూపించింది. రాత్రి మాత్రలు సగం అట్టే ఉన్నాయి. వచ్చే నెల మళ్ళీ చూపించుకోవడానికి పోయేటప్పుడు ఈ మూడు జవాబులూ రిపోర్టు వెనక రాసుకుపోతున్నాను. డాక్టరు చదువుతాడో లేదో చూడాలి.